వెనక్కి తిప్పిన తేదీలు

నేను ఒక డేట్ స్టాంపును. కాగితం మీద పైన కాలేజీ పేరు, కింద 'అందినది' అన్న మాట, నడుమ తేదీ వేస్తాను. అంతే నా విద్య. ఈ మాత్రానికే ఆత్మకథా అని మీరు మూతి తిప్పవచ్చు. తిప్పండి, నాకేం నష్టం లేదు. పీహెచ్‌డీలు చేసిన పెద్దమనుషులు మూడేళ్ళ చరిత్రను ఒక్క వారంలో పుట్టిస్తుంటే నేను దగ్గరుండి చూశాను. ఆ పురుడు పోసింది కూడా నేనే. అందుకని చెప్పుకునే హక్కు నాకుంది.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. ఒంగోల్లో ఒక సందులో రబ్బరు స్టాంపులు చేసే చిన్న కొట్టు. ఇనప చట్రం, దానికి నాలుగు రబ్బరు పట్టీలు ఎక్కణ్ణుంచో అట్టపెట్టెలో తయారుగా వచ్చాయి. రెండు పట్టీలు రోజుకి, ఒకటి నెలకి, ఒకటి సంవత్సరానికి. పక్కనున్న పళ్ళ చక్రాలను వేలితో తిప్పితే పట్టీలు తిరుగుతాయి. కాలేజీ పేరున్న రబ్బరు ముక్కను కొట్టాయన బ్లేడుతో కోసి, జిగురు పూసి నా ముఖానికి అతికించాడు. పాత పేపరు మీద ఒకసారి నొక్కి చూసి, "బానే పడింది" అన్నాడు. నేను విన్న మొదటి మెప్పు అదే. తరవాత నన్నెవరూ అంత తొందరగా మెచ్చుకోలేదు.

అక్కణ్ణుంచి కనిగిరి వెళ్ళే దారిలో ఉన్న ఒక ఇంజనీరింగు కాలేజీకి వచ్చాను. ఆఫీసులో ఉత్తరాలు, దరఖాస్తులు తీసుకునే బల్ల దగ్గర మాలకొండయ్య గారని ఒక గుమాస్తా ఉండేవారు. నా మొదటి యజమాని ఆయనే. పొద్దున తొమ్మిదింటికి వచ్చి, బల్ల తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని, నన్ను చేతిలోకి తీసుకుని ఒక్క పన్ను తిప్పేవారు. నిన్న పోయేది, ఇవాళ వచ్చేది. ఆ 'టిక్కు' వినకపోతే కాలేజీకి తెల్లవారనట్టే అనిపించేది నాకు. గొప్పలు పోతున్నానని అనుకోకండి, ఉన్నమాటే చెబుతున్నాను.

ఒకసారి గడువు దాటిన కాగితం ఒకటి పట్టుకుని ఒక పెద్దాయన వచ్చి, మొన్నటి తేదీ వేయమని బతిమాలాడు. ఆయన వెనక చాలా సిఫార్సులున్నాయి. మాలకొండయ్య గారు నన్ను ఎత్తి చూపించి, "దీని మెడ ముందుకే తిరుగుద్దయ్యా. ఎనక్కి తిప్పామా, పుటుక్కున ఇరుగుద్ది" అన్నారు. పెద్దాయన నిజమే కాబోలనుకుని వెళ్ళిపోయాడు. నిజానికి నా మెడ ఎటైనా తిరుగుతుంది. జీవితమంతా నిజం పట్టుకుని వేలాడిన మనిషి ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది. అదీ నా పరువు కోసం. ఆయనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆయన రిటైరయ్యాక ఆఫీసులోకి కంప్యూటరు వచ్చింది. నేను సొరుగులోకి పోయాను. గుండుసూదులు, ఎండిపోయిన జిగురు డబ్బా, ఎవరిదో పగిలిన గడియారం, వీళ్ళతో కాపురం. మాలకొండయ్య గారు వేసిన ఆఖరి తేదీని అలాగే ముఖాన పెట్టుకుని రెండేళ్ళు పడుకున్నాను. సరే, వయసైపోయింది, విశ్రాంతి అనుకుందాం అని సర్దుకున్నాను. అప్పుడొచ్చింది కాలేజీకి అక్రిడిటేషన్ కాలం.

దాన్ని గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఒక కోర్సు సక్రమంగా నడుస్తోందా, పిల్లలకు చదువు వస్తోందా అని చూడ్డానికి బయటినుంచి ఒక కమిటీ వస్తుంది. చూసి, బాగుంటే గుర్తింపు ఇస్తుంది. బుద్ధిగా పనిచేసుకునేవాళ్ళకు ఇందులో భయపడాల్సిందేమీ లేదు. కానీ మనిషి తీరు వేరు. పని చేస్తాడు, రాసుకోడు. అడిగేవాడొస్తున్నాడంటే, చేసింది వదిలేసి చేయంది రాయడం మొదలుపెడతాడు.

సివిల్ శాఖాధిపతి పేరయ్య గారు ఆఫీసుకొచ్చి సొరుగులు వెతికించి నన్ను పట్టుకుపోయారు. పేరయ్య సార్ చెడ్డమనిషి కాదు, ఈ మాట ముందే చెప్పాలి. ఇరవై రెండేళ్ళ కిందట రేకుల షెడ్డులో, భూమి ఎత్తుపల్లాలు కొలిచే పరికరం ఒక్కటంటే ఒక్కటి పెట్టుకుని ఆ శాఖను మొదలుపెట్టినాయన. పిల్లలంటే ప్రాణం. కాగితమంటే మాత్రం చలిజ్వరం. నెలకొక సలహా మండలి సమావేశం జరగాలి, దాని వివరాలు రాసి ఆఫీసుకు పంపాలి, ఆఫీసు 'అందినది' అని ముద్ర వేయాలి. మూడేళ్ళకు ముప్పై ఆరు సమావేశాలు. ఆయన దగ్గర ఉన్నవి మూడు.

ఇంకేముంది, కార్ఖానా మొదలైంది. ఒకరు రాయడం, ఒకరు టైపు చేయడం. ఒక లెక్చరరు కాగితాలు పాతవిగా కనబడాలని మేడ మీద అప్పడాల్లా ఎండబెట్టాడు. పేరయ్య సార్ నన్ను పట్టుకుని ముందు భయంభయంగా ఒక పన్ను వెనక్కి తిప్పారు. మెడ విరగలేదు. ఇంకో పన్ను. తిరిగింది. ఆ తరవాత ఆయన బొటనవేలికి అడ్డే లేకపోయింది. జూన్ నుంచి మార్చికి, మార్చి నుంచి డిసెంబరుకి, ఒక ఏడు, రెండేళ్ళు, మూడేళ్ళు. ఛీ, నా బతుకు! మాలకొండయ్య గారు చూస్తే ఏమనుకుంటారో అని కుంచించుకుపోయాను. ఇనప చట్రం కాబట్టి బయటికి తెలియలేదు.

ఈ హడావుడిలో ఒక పొరపాటు జరిగింది. మొదటి సమావేశానికి ఎవరెవరు వచ్చారో ఆ పేర్లనే మిగతా అన్నింటికీ దించేశారు. అందులో రంగనాయకులు గారి పేరుంది. ఆయన కాలువల మీద పనిచేసి రిటైరైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, పేరయ్య గారికి గురువులాంటివారు. మధ్యలో ఒక ఆగస్టులో ఆయన కాలం చేశారు. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసిన సంగతి రాసే చేతికి గుర్తురాలేదు, అంతే. ఆ ఏడు డిసెంబరు సమావేశంలో 'శ్రీ రంగనాయకులు గారు ఆధునిక సాఫ్ట్‌వేరు నేర్పవలసిందిగా సూచించారు' అని రాశారు. పేరయ్య సార్ సంతకం పెట్టారు, నేను ముద్రేశాను.

కమిటీ వచ్చింది. ఫైళ్ళు చూశారు, తలలూపారు, జీడిపప్పు తిన్నారు. అంతా సవ్యంగానే పోతోంది. అందులో ఒకాయన డిసెంబరు కాగితం చేత్తో పట్టుకునే కాళ్ళు సాచుకుందామని వరండాలోకి వెళ్ళాడు. గుమ్మం పక్కన గోడ మీద రంగనాయకులు గారి ఫోటో ఉంది. పెద్ద దండ, కింద జననం, మరణం తేదీలు. పెట్టించింది పేరయ్య సారే. పెద్దాయన మీద అంత గౌరవం మరి! కమిటీ ఆయన ఆ ఫోటో చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. లోపలికొచ్చి, "ఈయన పోయిన నాలుగు నెలలకు మీ మీటింగుకు వచ్చారాండీ?" అని చాలా మర్యాదగా అడిగాడు. గదిలో అందరికీ దొంగకు తేలు కుట్టినట్టయింది.

గుర్తింపు రాలేదు. యాజమాన్యం పేరయ్య గారిని పిలిచి సూటిగా చెప్పింది. వచ్చే ఏడు ఇంకోసారి కమిటీని పిలుస్తారు. అప్పుడూ రాకపోతే జూన్‌లో సివిల్ శాఖ ఎత్తేస్తారు. చదువుతున్న పిల్లల్ని వేరే కాలేజీలకు సర్దుతారు, తొమ్మిదిమంది లెక్చరర్లు తమ దారి తాము చూసుకోవాలి. పేరయ్య సార్ తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న నావైపే చూస్తూ ఉండిపోయారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

అప్పుడొచ్చింది నూర్జహాన్ మేడం. కెమిస్ట్రీ చెప్పేది, కాలేజీ క్వాలిటీ సెల్ బాధ్యత కూడా ఆమెదే. ఏ శాఖ కమిటీ ముందు నిలబడాల్సి వచ్చినా, దాన్ని సిద్ధం చేయడం ఆమె పని. మొదటిసారి ఆమె మాట ఎవరూ వినలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నారు. ఇప్పుడు ఆమెను వెతుక్కుంటూ వెళ్ళారు. ఆమె వచ్చి, బల్ల మీద ఉన్న నన్ను తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"ముందు ఇది నా దగ్గరుంటది సార్. అవసరమైనప్పుడు నేనే ఇస్తా."

"దానిదేముందమ్మా పాపం, తప్పు నాది" అన్నారు పేరయ్య సార్.

నిజం చెబుతున్నాను, ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకున్న కోపం సగం పోయింది.

నూర్జహాన్ మేడం పద్ధతి విచిత్రంగా ఉండేది. ఫైళ్ళు తెరవలేదు. తొమ్మిదిమంది లెక్చరర్లనూ ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని మూడే ప్రశ్నలు అడిగేది. పిల్లలకు ఏం నేర్పాలనుకున్నారు? వచ్చిందా లేదా ఎట్టా తెలుసుకున్నారు? రాకపోతే ఏం చేశారు? కమిటీ పంపే వంద పేజీల పత్రంలో ఉన్నదంతా ఈ మూడు ప్రశ్నలేనని ఆమె వాదన. లెక్చరర్లు జవాబుగా పట్టికలు చూపించేవారు. పాఠానికీ ప్రయోజనానికీ సంబంధం ఎంతో ఒకటి, రెండు, మూడు అని మార్కులు వేసే పట్టికలు అవి. అందరూ అన్నిటికీ మూడే వేశారు. కాంక్రీటు కలపడం నేర్చుకుంటే సంఘసేవా భావం కూడా పూర్తిగా వస్తుందట, దానికీ మూడే! మేడం ఆ పట్టిక చూసి పగలబడి నవ్వి, "ఇదే గనక నిజమైతే తాపీమేస్త్రీలందరికీ పద్మశ్రీ ఇవ్వాలి సార్" అంది. ఆ పట్టిక వేసిన కుర్ర లెక్చరరు మొహం చిన్నబుచ్చుకుని, నవ్వాపుకోలేక, పెన్సిలు తీసుకుని ఆ మూడును కొట్టేశాడు. కొత్త రాత కంటే కొట్టివేతే ముద్దని అప్పుడే తెలిసింది నాకు.

పేరయ్య సార్ వంతు వచ్చింది. ప్రశ్నలు వినీ వినకముందే ఆయన చెప్పేశారు. "నా దగ్గరేం లేదమ్మా. శనివారాలు పిల్లల్ని ఎనకున్న పొలంలోకి తీసుకుపోయి లెవెలింగ్, అదే, ఎత్తుపల్లాలు కొలవడం చేయిస్తుంటా. అదే నాకు తెలిసిన పని."

"ఎందుకు చేయిస్తున్నారు?"

"ఎందుకేందమ్మా! లెక్కలో నూటికి తొంభై తెచ్చుకుంటారు. పరికరంలో బుడగ నడుమకు తెచ్చి దాన్ని మట్టంగా నిలబెట్టడం రాదు. ఒకేడు హాస్టలు ఎనకమాల నుంచి కాలవకి నీళ్ళు ఎటు పారతాయో చూడమన్నా. ఇరవయ్యారుమందిలో పంతొమ్మిదిమంది లెక్క ప్రకారం నీళ్ళు మెట్టెక్కినయ్! సరే, మీ లెక్క ప్రకారమే బోదె తవ్వండిరా అన్నా. తవ్వారు. బిందెడు నీళ్ళు పోయించా. తిరిగొచ్చి వాళ్ళ చెప్పులే తడిసినయ్. అప్పట్నించి ముందు బుడగ, తరవాతే లెక్క. మర్సటేడు తప్పింది అయిదుగురే."

మేడం లేచి నిలబడింది. "సార్, ఈ అంకెలన్నీ ఎక్కడున్నయ్?"

"ఎక్కడో డైరీల్లో రాసుకున్నా. ఏడాదికొక డైరీ. యాడ పడేశానో."

అటెండరు అంకమ్మ గుమ్మం దగ్గరుండి వింటోంది. "నల్లట్టల డైరీలేనా సార్? నీళ్ళ డ్రమ్ము ఒరుగుతుంటే దాని కింద ఎత్తు పెట్టా గదా. మూడేళ్ళయింది" అంది.

అందరూ పరుగెత్తారు. డ్రమ్ము ఎత్తి చూస్తే నిజంగానే నాలుగు డైరీలు. అడుగుది తడిసి ముద్దయింది. మిగతా మూడింట్లో పెన్సిలు రాత చక్కగా ఉంది. ఎవరికి బుడగ నడుమకు రాలేదు, ఎవరు కొలకర్ర మీద అంకె తప్పు చదివారు, మళ్ళీ ఎప్పుడు చేయించారు, అప్పుడు వచ్చిందా. ఒక చోట ఇలా ఉంది: 'రంగనాయకులు గారు వరండాలో కూర్చుని అన్నారు. పిల్లలకు చెబితే నమ్మరు పేరయ్యా, నీళ్ళు పోసి చూపించు. నీళ్ళు అబద్ధమాడవు.' కింద తేదీ ఉంది. ఆయన పోవడానికి ఏడాది ముందు తేదీ.

పేరయ్య సార్ ఆ పేజీ చూసి గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నారు. "ఆయనన్న మాట డ్రమ్ము కిందేసి, అనని మాట ఫైల్లో పెట్టానమ్మా" అన్నారు. అంకమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

మరునాడు మేడం నన్ను హ్యాండ్‌బ్యాగులోంచి తీసింది. పేరయ్య సార్ అలవాటు కొద్దీ అడిగారు, "డైరీల్లో పేజీలకు ఆనాటి తేదీలే ఏద్దామా?" అని. మేడం నా పట్టీలు తిప్పి ఆ రోజు తేదీకి తెచ్చింది. డైరీ పేజీల నకళ్ళ మీద ఒక్కొక్కటిగా ముద్ర వేసింది. 'అందినది', ఆ రోజు తేదీ. "మనకి ఇవాళ దొరికినయ్ సార్. ఇవాళ దొరికినట్టే చెబుదాం" అంది. నిజంగా జరిగిన మూడు సమావేశాల కాగితాలు వరసగా పెట్టింది. దాని తరవాత ఒక తెల్లకాగితం తీసుకుని, 'మిగతా నెలల్లో సమావేశాలు జరగలేదు. ఈ సంవత్సరం నుంచి రెండు నెలలకొకసారి జరుపుతున్నాము' అని రాయించి, దాని మీదా నన్ను నొక్కింది.

"అమ్మా, మన గొయ్యి మనమే తవ్వుకుంటన్నామేమో" అన్నారు పేరయ్య సార్.

"గొయ్యి పోయినేడే తవ్వాం సార్. ఇప్పుడు పైకొస్తన్నాం" అంది మేడం.

ఎన్నాళ్ళకు! ఆ రోజు తేదీని ఆ రోజే వేశాను. మీకిది చిన్నమాటగా కనిపించవచ్చు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ తల్లి చేతికి దండం పెట్టాలనిపించింది. చేతులు లేవు గనక గట్టిగా, నిండుగా పడ్డాను.

కమిటీ వచ్చే రోజు పొద్దున ఇంకో సంగతి జరిగింది. పేరయ్య సార్ ముందుగా వచ్చి, పాత డిసెంబరు కాగితం తెచ్చి ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టారు. దానికి ఒక చీటీ జతచేశారు. 'ఈ సమావేశం జరగలేదు. రంగనాయకులు గారు అప్పటికే కాలం చేశారు. ఇది నేను రాయించి సంతకం చేసిన తప్పుడు కాగితం. పేరయ్య.' ముందురోజు మేడం బల్ల మీదే ఉంచి వెళ్ళిన నన్ను తీసి దాని మీద నొక్కారు, ఆ రోజు తేదీతో. మేడం వచ్చి చూసి గతుక్కుమంది. అంత గట్టి మనిషీ తడబడడం నేను చూడ్డం అదే మొదలు.

"సార్, అడిగితే చెబుదాం. అడక్కముందే ఎందుకు? సంవత్సరం కష్టం సార్. తొమ్మిదిమంది బతుకులు."

"అడిగినాక చెప్తే దొరికిపోయినట్టమ్మా. ఇంకోసారి దొరకలేను" అన్నారాయన. మేడం ఆ కాగితాన్ని సరిగ్గా అంచులు కలిపి మళ్ళీ అక్కడే పెట్టింది.

ఈసారి కమిటీలో బళ్ళారి నుంచి వచ్చిన ఒక ముసలి ప్రొఫెసరు ఉన్నాడు. తెలుగు బాగా వచ్చు. ఫైలు తెరవగానే ఆ చీటీ కంటపడింది. చదివాడు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. పాత కమిటీ నివేదిక ఆయన సంచీలో ఉండే ఉంటుంది. నాకైతే శాఖ మూతపడ్డట్టే, లెక్చరర్లు సామాన్లు సర్దుకుంటున్నట్టే అనిపించింది.

"ముప్పై ఏండ్లుగా కాలేజీలు తిరుగుతున్నానప్పా. ఇట్లాంటి కాగితం ఎవరూ పెట్టలేదు నా ముందర" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో ఎవరికీ అర్థం కాలేదు. డైరీ పేజీలు తిప్పాడు. పెన్సిలు రాత మీద వేలు పెట్టి ఒక్కొక్క పేరే చదివాడు. చివరికి లేచి, "ఈ బుడగేందో చూద్దాం రాండి. నీళ్ళు తెప్పించండి" అన్నాడు.

అందరూ వెనక పొలంలోకి వెళ్ళారు. నేను మేడం చేతిలోనే ఉన్నాను, గాభరాలో నన్ను తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టడం మరిచిపోయింది. మూడో సంవత్సరం చదివే ఝాన్సీ అనే అమ్మాయి పరికరం బిగించింది. తొందరపడకుండా మూడు మరలూ తిప్పి, బుడగను నడుమకు తెచ్చి, కొలకర్ర మీద అంకెలు చదివి, కాగితం మీద లెక్క వేసుకుంది. ప్రొఫెసరు పక్కన నిలబడి అడిగాడు, "ఏమ్మా, ఇక్కడ పోస్తే నీళ్ళు ఎటు పోతాయి?"

ఆ పిల్ల లెక్క ఒకసారి చూసుకుంది, ఆయన కాళ్ళు ఒకసారి చూసింది. "మీ బూట్ల మీదికొస్తయ్ సార్. కాస్త పక్కకు జరగండి."

ఆయన జరగలేదు. అంకమ్మ బిందె వంచింది. నీళ్ళు తిన్నగా వచ్చి ఆయన బూట్లు నిండా తడిపాయి. తరవాత ఆయన కిందికి చూసుకుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. "వచ్చింది! పాఠం వచ్చింది ఈ బిడ్డకు!" అంటూ తడి బూట్లతోనే చప్పుడు చేసుకుంటూ గదికి వెళ్ళాడు. వెళుతూ వరండాలో దండేసిన ఫోటో ముందు ఆగి, "నీళ్ళు పోయమన్నది ఈయనేనా?" అని అడిగాడు. పేరయ్య సార్ తలూపారు. "ఆ మాట రాయండి మరి. రాయాల్సినది అది" అన్నాడు ప్రొఫెసరు.

అయిదు వారాలు ఎదురుచూపు. అడకత్తెరలో పోకచెక్క సామెత మీరు విన్నారు, నేను ఆ అయిదు వారాలూ కళ్ళారా చూశాను. పేరయ్య సార్ రోజూ పాఠానికి వెళ్ళేవారు, వచ్చేవారు, ఫలితం గురించి అడిగితే "మన చేతిలో ఏముంది" అనేవారు. ఒక మధ్యాహ్నం నూర్జహాన్ మేడం కాగితం పట్టుకుని మెట్లెక్కుతూ, సగంలోనే "వచ్చింది సార్!" అని కేక వేసింది. మూడేళ్ళకు గుర్తింపు. రాతకోతలు మెరుగుపరుచుకోవాలని రెండు చురకలు కూడా ఉన్నాయి. శాఖ ఉంటుంది, పిల్లలుంటారు, తొమ్మిదిమందీ ఉంటారు. పేరయ్య సార్ ఉత్తరం రెండుసార్లు చదివి, బల్ల మీద పెట్టి, లేచి మేడం వైపు రెండు చేతులూ జోడించారు. ఆమె కంగారుపడి, "అయ్యో సార్, పెద్దవారు, మీరు నాకు పెట్టడమేంటి" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు నా సంగతి. నేను సివిల్ శాఖలో, పేరయ్య సార్ బల్ల మీద ఉంటున్నాను. నా సంవత్సరాల పట్టీలో ఈ ఏడే ఆఖరి అంకె. డిసెంబరు ముప్పై ఒకటి దాటితే నాకు వేయడానికి ఏడు లేదు. దిగులేమీ లేదు. మంచివాళ్ళ చేతుల్లో మొదలయ్యాను, మంచివాళ్ళ చేతుల్లోనే ముగుస్తున్నాను. నడుమ కొన్నాళ్ళు తప్పుదారిన నడిచానంటే, నడిపించిన చేయే తిరిగొచ్చి సరిదిద్దింది. స్టాంపుల జాతిలో ఎంతమందికి దక్కుతుంది ఆ భాగ్యం? నన్ను హ్యాండ్‌బ్యాగులో దాచి, ఇవాళ్టి తేదీ నాకు తిరిగిచ్చిన నూర్జహాన్ మేడాన్ని తలుచుకోని రోజు లేదు.

మొన్న సలహా మండలి సమావేశం జరిగింది. నిజంగానే జరిగింది. పేరయ్య సార్‌తో కలిపి ఆరుగురు కూర్చున్నారు. పేరయ్య సార్ స్వయంగా రాసుకుంటున్నారు. మొదటి వాక్యం ఇది: 'కీర్తిశేషులు రంగనాయకులు గారు బతికుండగా మన వరండాలో చెప్పిన మాట ఇంతకుముందు రాయలేదు, ఇవాళ రాస్తున్నాము.' ఆ కింద నీళ్ళ మాట రాశారు. రాశాక కలం పట్టుకుని, ఆ పేరు వంక చూస్తూ కూర్చున్నారు. అంకమ్మ తలుపు తోసుకుని వచ్చింది.

"టీలు ఎన్ని తేవాల సార్?"

పేరయ్య సార్ తలెత్తి బల్ల చుట్టూ చూశారు. ఒక్కొక్కరి ముఖమే చూస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టారు. చివర రంగనాయకులు గారు కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన చూపు దాని మీద కాసేపు ఆగింది.

"ఆరు" అన్నారు.